శుక్రవారపు రక్తం

గాజులో రక్తం నడక మారింది.

కాత్యాయని సూక్ష్మదర్శిని మీదికి మరికాస్త వంగింది. మొన్నటి దాకా ఆ సన్నని నాళంలో ఎర్రకణాలు ఒకదాని వెంట ఒకటి, గట్టును ఒరుసుకోకుండా, నియమం తెలిసిన భక్తులు ప్రదక్షిణం చేస్తున్నట్లు సాగిపోయేవి. ఇప్పుడు గోడ దగ్గర తెల్లకణాలు మందగిస్తున్నాయి. ఒకటి ఆగింది. దాన్ని ఆనుకొని మరొకటి ఆగింది. అవి ఆగిన చోట గోడ ఉబ్బి, నునుపు పోగొట్టుకొని, వానకు నానిన సున్నపు గోడలా పొక్కిపోతోంది.

“షకీలా, ఇది హైమదేనా?”

“హైమక్కదే మేడమ్. రెండుసార్లు చూసుకున్నాను.” సహాయ పరిశోధకురాలు షకీలా చేతి తొడుగులు విప్పుతూ దగ్గరకు వచ్చింది. “నిన్న కొత్త రక్తం ఎక్కించిన దగ్గర్నుంచే ఇలా ఉంది. శాంపిల్ చెడిపోయి ఉంటుంది. పోయిన వారం తీసింది మూత సరిగ్గా పడక పాడైంది కదా అని నేనే ఫోన్ చేసి ఉన్నపళంగా రమ్మన్నాను. ఆవిడ ఉప్పాడ నుంచి ఎండలో పడి వచ్చారు. ఇది పారబోసేద్దామా? రేపు శుక్రవారం ఎలాగూ వస్తారు, అప్పటిది ఎక్కిద్దాం.”

“వద్దు. నడవనీ.”

“ఇలాగే నడిస్తే గోడ దెబ్బతింటుంది మేడమ్.”

“తిననీ. ఎవరికీ చెప్పకు.”

ఆ మాట అన్నాక తన గొంతు తనకే పరాయిదిగా వినిపించింది కాత్యాయనికి.

కాకినాడలో సముద్రపు గాలి తగిలే ఆ పరిశోధనాలయంలో ఇలాంటి గాజుపలకలు ఎనిమిది ఉన్నాయి. ఎనిమిదీ లూపస్ ఉన్న ఎనిమిదిమంది స్త్రీలవి. ఆ జబ్బు ఉన్నవారి ఒంట్లో కాపలా కాయవలసిన కణాలే ఇంటివాళ్లను దొంగలనుకొని మీద పడతాయి. ఆ దెబ్బ కీళ్లకు తగిలినప్పుడు నొప్పి తెలుస్తుంది, చర్మానికి తగిలినప్పుడు మచ్చ కనిపిస్తుంది. రక్తనాళాల లోపొరకు తగిలినప్పుడు మాత్రం ఏమీ తెలియదు. నడివయసైనా రాని మనిషిలో ముసలి నాళాలు చప్పుడు చేయకుండా తయారవుతాయి. గుండెకో మూత్రపిండానికో దారి మూసుకుపోయిన నాడు గాని సంగతి బయటపడదు.

ఆ మౌనాన్ని మాట్లాడించాలని కాత్యాయని సగం జీవితం ధారపోసింది. రోగి రక్తంలోంచి తీసిన కణాలతో, గాజుపలకలో తొలిచిన సన్నని దారికి లోపొర పెంచుతుంది. ఆ రోగి రక్తాన్నే అందులో నడుపుతుంది. వయసును తొందరపెట్టే ఒక ద్రవం కలిపితే, ఒంట్లో ఏడాదికి జరిగే అరుగుదల గాజులో వారానికే జరిగిపోతుంది. రాబోయేది ముందే కనిపిస్తుంది. దానికి ముందునాళం అని పేరు పెట్టింది. ఎవరి కోసం కనిపెట్టావని సభల్లో అడిగితే రోగుల కోసమని చెప్పేది. నిజానికి ఒక్క రోగి కోసం. తల్లి పోయిన తరువాత తాను జడలు వేసి బడికి పంపిన చెల్లెలు హైమవతి కోసం.

హైమకు, ఆమె భర్త భార్గవకు ఒక బిడ్డ కావాలి. ఆమె నాళాలను ఇన్నాళ్లుగా కాపాడుకొస్తున్న ప్రధానమైన మందు కడుపులోని బిడ్డకు కీడు చేస్తుంది. దాన్ని మానాలంటే నాళాలు నిబ్బరంగా ఉన్నాయని తేలాలి. ముందునాళం రాబోయే ఆరేళ్ల దాకా పరిగెత్తి, గోడలన్నీ తళతళలాడుతూ చూపించింది. ఆ సాక్ష్యం మీద వైద్యురాలు వారిజ మోతాదు తగ్గిస్తూ వచ్చింది. వచ్చే సోమవారం నుంచి ఆ మందు పూర్తిగా ఆగిపోతుంది.

ఆ ఇంట్లో ఇప్పుడు ‘గాజులో బాగుంది’ అన్నది దీవెనలాంటి మాట. నీరసమన్నా, ఆయాసమన్నా చివరకు ఎవరో ఒకరు ఆ మాట అనేవారు. అందరూ తేలికపడేవారు.

మధ్యాహ్నం కాత్యాయని చెల్లెలింటికి వెళ్లింది. తలుపు తీసిన భార్గవ పెదవి మీద వేలు పెట్టుకున్నాడు.

“మెల్లిగా వదినగారూ. గురువారం. మా ఇంట్లో కర్ఫ్యూ.”

“కర్ఫ్యూ ఏమిటయ్యా?”

“కిటికీలు తెరవకూడదు. ఉప్పూ కారం తగలకూడదు. ఎవరూ గొంతు పెంచకూడదు. నన్ను తిట్టాల్సినవన్నీ మీ చెల్లెలు రేపు మధ్యాహ్నానికి దాచిపెట్టింది. అప్పటిదాకా నేను మహారాజుని.”

“విన్నానండోయ్. ఆ ఒక్కటి కూడా కలుపుతున్నాను,” అంది లోపలి గదిలోంచి హైమ.

ఆమె చల్లటి గచ్చుమీద చాప పరుచుకొని పడుకొని ఉంది. తెరలు దించిన గదిలో ఆమె ముఖం తేటగా, నిద్ర తీరిన పసిపిల్ల ముఖంలా ఉంది. కాత్యాయని పక్కన కూర్చొని ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. వెచ్చగా ఉంది. గోళ్లకింద గులాబీ రంగు కనిపిస్తోంది. నిన్న పరిశోధనాలయం మెట్ల దగ్గర ఇదే చెయ్యి పట్టుకుంటే వేళ్లు మైనపు వత్తుల్లా తెల్లబడి ఉన్నాయి. రెండు అంతస్తులు ఎక్కడానికి హైమ మూడుచోట్ల ఆగింది. కాత్యాయని ఆ రెండూ చూసింది. చూసి కూడా, గాజులో బాగుంది కదా అనుకొని ముందుకు నడిచింది.

“ఈ నోముకు ఇంత తతంగం ఉందా?” అని అడిగింది.

“నువ్వే కదక్కా మంచిదే చెయ్యండన్నావ్. తరవాత భ్రమరాంబ గారు మెరుగులు దిద్దేరు.”

భ్రమరాంబ ఆ ఎనిమిదిమందిలో పెద్దావిడ, పదవీవిరమణ చేసిన ప్రధానోపాధ్యాయిని. శుక్రవారం పొద్దున్నే పరగడుపున వచ్చి రక్తం ఇమ్మని మొదట చెప్పింది కాత్యాయనే. ఏ పరీక్షకైనా అది వాడుకే. ఆ పరగడుపుకు భ్రమరాంబ తలస్నానం చేర్చింది. ఇంకొకరు ముందురోజు ఒంటిపూట భోజనం చేర్చారు. తరువాత ఎండ కన్నెరగకపోవడం, కోపం తెచ్చుకోకపోవడం, మాత్రలు గడియ తప్పకుండా వేసుకోవడం వచ్చి కలిశాయి. గాజులో ఉన్నది తమ ఆయుష్షని నమ్మిన స్త్రీలు దాని దగ్గరకు వట్టి మనుషుల్లా రాదలచలేదు. నాళాల నోము అని దానికి పేరు కూడా పడింది.

“ఆవిడ దీనికి కథ కూడా కట్టేరు. వింటావా?” హైమ కళ్లు మూసుకొని రాగం తీసింది. “అనగనగా ఒక రాజుగారి కూతురు. ఆవిడ రక్తంలో అగ్గి పుట్టింది. వైద్యుడొచ్చి, అమ్మా, నీ ప్రాణం తీసి గాజుగొట్టంలో పెట్టేను, దాన్ని నువ్వు మడిగా చూసుకో, అది నిన్ను చల్లగా చూసుకుంటుంది అన్నాడట. ఆ వైద్యుడు నువ్వేనే. కథలో నీకు గడ్డం పెట్టేరు.”

భార్గవ గుమ్మం దగ్గర నవ్వాడు. కాత్యాయనికి నవ్వు రాలేదు.

“మరి మిగతా రోజుల్లో?”

“మిగతా రోజుల్లో ఏముంది, మనుషులం. ఉప్పాడ వెళ్తాను. మగ్గాల దగ్గర కూర్చుని, నేను నేయిస్తున్న చీరల్లో బుటాలు ఎలా వస్తున్నాయో చూసుకుంటాను. వాళ్లు ఆవకాయన్నం పెడితే తింటాను. గొడుగు ఎక్కడో మర్చిపోతాను.”

“మధ్యాహ్నం మాత్ర?”

“ఒక్కోసారి అదీ గొడుగుతోనే ఉండిపోతుంది.” హైమ కళ్లు తెరిచింది. “ఏంటక్కా అలా చూస్తావ్? గాజులో బాగుంది కదా.”

కాత్యాయని చెల్లెలి చెయ్యి వదిలింది. ఆమె ఏటా ఇంట నోములు పట్టి, ఉద్యాపనలు చేసి, అందులోని శుచికి మనసారా తలవంచిన మనిషి. ఎనిమిదిమంది తడిజుట్టుకు చివర ముడివేసుకొని, కుంకుమబొట్టుతో, పరగడుపున వచ్చి వరుసగా కూర్చుంటే ఆ గది పూజగదిలా ఉందని మురిసిపోయింది. గాజుపలకలు పెట్టిన అలమారకు తానే పసుపు పూసి బొట్టు పెట్టింది. ఒకసారి ఒక పిల్ల దారిలో ఇడ్లీ తిని వస్తే, వచ్చేవారం రమ్మని తిప్పి పంపింది. ఇప్పుడు తెలిసింది. దేవుడికి ఉన్నవాటిలో మేలైనది ఏరి నివేదించాలి. సాక్షి ముందు మాత్రం మంచీ చెడూ ఉన్నదంతా విప్పి పెట్టాలి. తాము సాక్షిని తెచ్చి పీఠం మీద కూర్చోబెట్టారు. వారంలో ఒక్కరోజు పట్టిన నియమాన్ని ఆ గాజు ఆరేళ్ల ఆయుష్షుగా లెక్కకట్టి తిరిగి చూపించింది. తక్కిన రోజులు దాని కంటపడనే లేదు.

“రేపు మామూలుగానే రా,” అంది మెల్లగా. “సోమవారం కూడా ఒకసారి రావాలి. ఉప్పాడ నుంచి నేరుగా, ఎలా ఉన్నదానివి అలాగే.”

“ఎందుకు?”

“యంత్రం సరిచూడాలి.”

హైమ మోచేతి మీద లేచి కూర్చుంది. “నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు కళ్లజోడు తుడుచుకుంటావ్.”

కాత్యాయని చేతిలో ఉన్న కళ్లజోడు వంక చూసుకొని మళ్లీ పెట్టుకుంది.

“తెలిశాక చెబుతానే. తెలియకుండా ఏం చెప్పను?”

వీధిలోకి రాగానే వైద్యురాలికి ఫోన్ చేసింది. సోమవారం మందు ఆపవద్దని, ఇంకొంచెం గడువు కావాలని కోరింది.

“కాత్యాయని గారూ, మీ గాజు మాట మీదే కదండీ నేను తగ్గిస్తూ వచ్చింది,” అంది వారిజ. “మామూలుగా అయితే ఇంత ధైర్యం చేసేదాన్ని కాదు.”

“తెలుసు. అందుకే ఫోన్ చేస్తున్నాను.” ప్రస్తుతానికి మందు ఆపనని వారిజ ఒప్పుకుంది.

శుక్రవారం నోము స్త్రీలందరూ వచ్చారు. భ్రమరాంబ ఎప్పటిలాగే ఒక మందారం తెచ్చి అలమారలో తన గాజుపలక ముందు పెట్టింది.

“నా గొట్టం కులాసాయేనా అమ్మా?”

“బాగుందండీ,” అంది కాత్యాయని. పోయినవారం ఈ మాట నిజమనుకొని చెప్పింది. ఇవాళ అదే మాట నిజమో కాదో తెలియకుండా అంది. ఆవిడ తృప్తిగా కొంగు భుజాన కప్పుకొని వెళ్తుంటే, వెనక్కి పిలవకుండా తరువాతి మనిషిని రమ్మంది.

సోమవారం హైమ ఉప్పాడ నుంచి వచ్చింది. చెంపల మీద ఎర్రటి దద్దు సీతాకోకచిలుక రెక్కల్లా పరుచుకొని ఉంది. పాదాలు వాచి చెప్పుల పట్టీల గుర్తులు పడ్డాయి. ఒక పట్టు పోగు విషయంలో ఎవరితోనో పోట్లాడి వచ్చింది. ఆ కథ చెబుతూనే చెయ్యి చాపింది. కొత్తగా లోపొర పెంచిన రెండు గాజునాళాలను షకీలా పక్కపక్కనే అమర్చింది. ఎడమదానిలో శుక్రవారపు రక్తం, కుడిదానిలో సోమవారపు రక్తం నడవసాగాయి.

ఆ వారమంతా కాత్యాయని ఇంట దీపం వెలుగుతూనే ఉంది, పారాయణం మాత్రం సాగలేదు. నోటికి వచ్చిన నామాలే దారి తప్పేవి. ఎక్కడ ఆగిందో తెలియక మళ్లీ మొదటికి వెళ్లేది. ఏమని మొక్కుకోవాలో తేలేది కాదు. కుడి నాళం బాగుండాలని కోరుకుంటే అది పరీక్షను వంచమని దేవుణ్ణి అడిగినట్లు ఉండేది. రోజూ సాయంత్రం హైమ ఫోన్ చేసేది.

“బాగుపడిందా నీ యంత్రం?”

“ఇంకా లేదు.”

“పోనీ నువ్వు తిన్నావా?”

“తిన్నాను.”

“ఇది కూడా కళ్లజోడు తుడుచుకుంటూనే చెప్తున్నావు కదా.”

వారం చివరికి వచ్చేసరికి ఎడమ నాళం అద్దంలా ఉంది. కుడి నాళంలో గోడలు రెండువైపులా వాచి దారి సగానికి సగం తగ్గిపోయింది. ఒకచోట చిన్న రక్తపు గడ్డ పట్టుకొని ఉంది. దాని పక్కగా ఎర్రకణాలు ఒక్కొక్కటీ వంగి, నలిగి, బయటపడుతున్నాయి. రెండు నాళాలూ హైమవే.

“కానీ మేడమ్,” అంది షకీలా. “ఇదీ న్యాయం కాదు. ఒక చెడ్డరోజు రక్తాన్ని తెచ్చి ఏడాది పొడుగునా నడిపిస్తే ఎవరి నాళం మాత్రం నిలుస్తుంది? రంజాన్ నెలలో నన్ను చూసి ఏడాదంతా నేను పగలు తిననని అంటే ఎలా ఉంటుంది? అలాగే ఉంది ఇది. అక్కకు రోజూ సోమవారం కాదు కదా.”

“రోజూ శుక్రవారం కూడా కాదు.”

“మరి ఏది నిజం?”

“రెండింటి నడుమ ఎక్కడో ఉంది. ఎక్కడో మనకు తెలియదు.” కాత్యాయని కుర్చీలో వెనక్కి వాలింది. “ఆరేళ్లు తెలుసనుకున్నాం. ఆరురోజులు కూడా తెలియదు మనకి.”

హైమను పిలిపించింది. భార్గవ కింద బండి దగ్గర ఉంటానన్నాడు. హైమ మెట్లు ఎక్కి, గుమ్మంలో గోడకు చేయి ఆనించి ఊపిరి తీసుకొని, అక్క ముఖం చూసి ఇక ఏమీ అడగకుండా నేరుగా సూక్ష్మదర్శిని దగ్గరకు వెళ్లింది. ఎడమదాన్ని చూసింది. కుడిదాన్ని చూసింది. రెండోదాని దగ్గర చాలాసేపు వంగి ఉండిపోయింది.

కాత్యాయని చెప్పవలసినదంతా ఒక్క మాటా దాచకుండా చెప్పింది. గాజు అబద్ధం ఆడలేదని, దానికి తామే సగం మాట వినిపించారని చెప్పింది. ఏది ఎంతవరకు నమ్మాలో తనకు ఇప్పుడు తెలియదని కూడా చెప్పింది.

“నోము చెయ్యమన్నది నువ్వే,” అంది హైమ తల ఎత్తకుండానే.

“నేనే.”

“నాకు ఆయాసం వస్తోందని చెప్తే గాజులో బాగుందన్నదీ నువ్వే.”

“నేనే.”

“నీకు నా నాళం మీదున్న నమ్మకం నా మీద లేదన్నమాట.”

ఆ మాటలో తప్పు కాత్యాయనికి కనిపించలేదు.

హైమ సూక్ష్మదర్శినిని వదిలి బల్లమీద కూర్చుంది. “అయితే ఆ శుక్రవారం మనిషికి బిడ్డ పుట్టొచ్చు. నాకు కాదు.”

“అలా అనలేనే. కాదనీ అనలేను, అవుననీ అనలేను. వారిజ ఈ రోజు నుంచి మందు మళ్లీ పూర్తి మోతాదులో వేసుకోమంది. వాపు తగ్గి, కొంతకాలం నిలకడగా ఉంటే అప్పుడు వేరే మందుతో ప్రయత్నించే దారి ఉంది. ఆ దారిలో చాలామంది తల్లులయ్యారు. ఎప్పటికి అని అడగకు.”

“అడగను. నువ్వు చెప్తే నమ్మేస్తాను, అదే భయం.” హైమ పెదవిని పళ్లకింద పట్టింది. “ఆయన ఉయ్యాల కొక్కేలకు నూనె రాసేడే నిన్న. కిర్రుమంటున్నాయని.”

ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకొని, చప్పుడు చేయకుండా, భుజాలు మాత్రమే కదులుతుండగా ఏడ్చింది. షకీలా కిటికీ వైపు తిరిగి నిలబడింది. కాత్యాయని చెల్లెలి దగ్గరకు వెళ్లింది. ఓదార్పుగా అనడానికి అలవాటైన మాట ఒక్కటే ఉంది. ఆ ఒక్కటీ ఇక అనకూడనిది. అందుకని ఊరకే ఆమె పక్కన నిలబడి, చెమటకు తడిసిన ఆ నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తీసింది.

కొంతసేపటికి హైమ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“భ్రమరాంబ గారికి నేను చెప్తాను. నువ్వు చెప్తే ఆవిడ భయపడి ఇంకో ఉపవాసం మొదలెడతారు.”

“అందరికీ నేను చెప్పాలే.”

“నువ్వు చెప్పు, పక్కన నేను కూర్చుంటాను. ఏం చెయ్యాలో కూడా చెప్పు. ఏ రోజు రక్తం ఇమ్మంటావు వాళ్లని?”

“అన్ని రోజులదీ. తిన్నరోజుదీ, తిననిరోజుదీ. మాత్ర మరచిన రోజుదైతే తప్పకుండా.”

హైమ తల ఊపింది. తరువాత జాకెట్టు చేతిని మోచేయి పైకి మడిచి, చెయ్యి బల్లమీద చాపింది. “అయితే తియ్యండి.”

షకీలా ఇటు తిరిగింది. “ఇప్పుడా? వద్దు హైమక్కా. ఇంతసేపు ఏడ్చారు. మంచినీళ్లు తాగి కాస్త పడుకోండి. మనసు కుదుటపడ్డాక తీద్దాం.”

“కుదుటపడితే ఇది కూడా శుక్రవారం అయిపోతుంది,” అంది హైమ. “ఇప్పుడే తియ్యి.”

కాత్యాయని చాచిన ఆ చేతిని కింద నుంచి తన అరచేతితో పట్టి నిలిపింది. షకీలా సూది అందుకుంది.